అట్టతో గిటారు చేసిన వడ్రంగి

సెకండ్ హాండ్ గిటారు కొనబోయే మన కుర్రాళ్ళు మొట్టమొదట చేసే పని, గుండ్రటి రంధ్రంలోకి తొంగి చూసి లోపల అంటించిన కాయితం చదవడం. పేరు పెద్దదైతే బేరం కుదిరినట్టే! ఆ కాయితాన్ని అంతగా నమ్మవద్దని చెప్పడానికి ఆంటోనియో ద తోరెస్ జీవితాన్ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. వయొలిన్‌కు స్ట్రాడివరీ ఎంతటివాడో గిటారుకు ఈయన అంతటివాడు. నేడు మనం చూసే నైలాన్ తీగల గిటారు రూపం చాలా వరకు ఈయన స్థిరపరచిందే.

1817 జూన్ 13న దక్షిణ స్పెయిన్‌లో, అల్మెరియా పట్నం పక్క పల్లెలో పుట్టాడు. పన్నెండో ఏట వడ్రంగంలో చేరాడు. పద్దెనిమిదికల్లా పెళ్ళయింది. ఆ తరువాతవన్నీ కష్టాలే. అప్పులు, ఇద్దరు కూతుళ్ళ మరణం, 1845లో క్షయతో భార్య పోవడం. ఊరు వదిలి సెవిల్ నగరం చేరి సెర్రహెరియా వీధిలో దుకాణం పెట్టాడు. జులియన్ అర్కాస్ అనే పేరుమోసిన విద్వాంసుడు ఈయన పనితనం గుర్తించి ప్రోత్సహించాడు. అర్కాస్ కచేరీల్లో వాయించిన ‘లా లియోనా’, అంటే ఆడసింహం, 1856లో తయారైంది. 1858 సెవిల్ ప్రదర్శనలో తోరెస్‌కు కంచు పతకం వచ్చింది.

ఇంతకీ ఆయన చేసిందేమిటి? గిటారు పొట్టను పెద్దది చేశాడు. పైపలకను పలచగా చిత్రికపట్టి కొంచెం ఉబ్బుగా వంచాడు. దాని అడుగున సన్నని కర్రబద్దలు ఏడింటిని విసనకర్ర ఈనెల్లా అమర్చాడు. మీటే తీగ పొడవు 65 సెంటీమీటర్లకు తెచ్చాడు. విసనకర్ర బద్దలు అంతకుముందు కూడా లేకపోలేదు. కానీ అన్నిటినీ ఒక లెక్కలో కూర్చినవాడు తోరెస్.

నాదం పైపలకలోనే ఉంది, పక్కలకూ వెనుకకూ ఎంత ఖరీదైన కలప వేశామన్నది తరువాతి మాట అని ఆయన నమ్మకం. ఊరికే నమ్మి ఊరుకోలేదు. 1862లో పైపలక మాత్రం మంచి కర్రతో చేసి, వెనుకభాగం, పక్కలు కాయితపు గుజ్జు అట్టతో చేసి చూపించాడు! ఆ అట్ట గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. రోజ్‌వుడ్ అనగానే రేటు పెంచే వ్యాపారులు ఒకసారి వెళ్ళి చూసి రావాలని నా కోరిక.

1869లో తారెగా అనే పదిహేడేళ్ళ కుర్రవాడు తన పోషకుడిని వెంటబెట్టుకుని గిటారు కోసం వచ్చాడు. తోరెస్ మొదట ఒక మామూలు గిటారు చేతికిచ్చాడట. కుర్రవాడు వాయించడం విన్నాక లోపలికి వెళ్ళి, 1864లో తనకోసం చేసుకున్నది తెచ్చి ఇచ్చాడట. తారెగా పెద్ద విద్వాంసుడై దాన్ని చాలా ఏళ్ళు వాయించాడు. గిటారుకు సరయిన వెల కట్టడమంటే ఇదీ అని నాకనిపిస్తుంది.

ఇంత పేరొచ్చినా గిటార్లు కూడు పెట్టలేదు. రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1870 ప్రాంతంలో దుకాణం మూసి అల్మెరియాకు తిరిగి వచ్చి పింగాణీ సామాన్ల కొట్టు పెట్టాడు. అంతటివాడు కప్పులూ సాసర్లూ అమ్ముకున్నాడంటే మనసు చివుక్కుమంటుంది. 1875లో మళ్ళీ ఉలి పట్టాడు. చేతిలో డబ్బు లేదేమో, కొన్ని గిటార్ల పలకలు మూడు నాలుగు ముక్కలు అతికినవే. అతుకులు చూసి ముఖం తిప్పుకునేవాడు అలాంటివాటిని పోగొట్టుకుంటాడు.

ఆయన పని చూసిన ఒక మతగురువు 1931లో రాసిన ఉత్తరం ఉంది. దాని ప్రకారం, రహస్యాన్ని తనతోపాటు తీసుకుపోవద్దని ఎవరో అడిగితే, అది తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనే ఉందనీ, పలక సరిగ్గా వచ్చిందో లేదో ఆ వేళ్ళే చెబుతాయనీ తోరెస్ జవాబిచ్చాడట. 1892 నవంబరు 19న, 75వ ఏట, ఆ వేళ్ళు ఆగిపోయాయి.

ఇక పేరు పెరిగింది, దాంతోపాటు నకిలీలూ పుట్టాయి. కాయితం అచ్చువేయడం ఎంతసేపు? అందుకే తెలిసినవాళ్ళు కాయితాన్ని చివరకు చూస్తారు. ముందు అద్దం లోపలికి పెట్టి బద్దల అమరిక చూస్తారు. పలక మందం కొలుస్తారు. పైపలక పాతదేనా, మార్చారా, మెరుగు మళ్ళీ పూశారా అని వెదుకుతారు. స్వయంగా గిటార్లు చేసే రొమానియోస్ ఇలాగే ఒక్కొక్కటే పరిశీలించి 1987లో తోరెస్ జీవితచరిత్ర ప్రకటించాడు. మొత్తం 320 దాకా చేసి ఉంటాడని అంచనా. 1875 తరువాతివాటికి తోరెస్ వరసగా నంబర్లు వేశాడు కనుక ఏవి కనబడడంలేదో లెక్క తెలుస్తుంది. ముందువాటికి ఆ ఆధారం కూడా లేదు. దొరికినవాటికంటే దొరకనివే ఎక్కువ.