గింజల పాలు తీసిన కార్వర్.. మన కౌలు చేలకు ఏమవుతాడు?

గురజాల నుంచి మాచర్ల వైపు వెళ్తుంటే కొన్ని ఊళ్లలో మాల, మాదిగ పల్లెల గోడలకు ఆనుకునే పత్తి చేను మొదలవుతుంది. పరిశోధన పని మీద ఈ ఊళ్లలో తిరుగుతున్న మాకు ఒక సంగతి మొదట్లో మింగుడు పడలేదు. ఇంత పొలం మధ్య ఉండే ఇళ్లలో పాల ప్యాకెట్ కొనాలి, పప్పు కొనాలి, కూర కూడా కొనాలి. గేదెను తెచ్చుకుందామంటే మేపడానికి సొంత గట్టు లేదు. కౌలు చేలో ఏం వేయాలో కౌలు రేటూ, పెట్టుబడి అప్పూ తేలుస్తాయి. పప్పుగింజలు వేస్తే కౌలు తేలదు. అందుకని పత్తి, లేదంటే మిర్చి.

ఇదే లెక్కను అమెరికా దక్షిణాదిలోని అలబామాలో 1896లో ఒక నల్లజాతి శాస్త్రవేత్త చూశాడు. ఆయన పేరు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. క్విజ్ పుస్తకాలు ఆయన్ను వేరుశనగ శాస్త్రవేత్త అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. వీణా గవాణకర్ 1981లో రాసిన ‘ఏక్ హోతా కార్వర్’ పుస్తకం ఆయన్ను మరాఠీ ఇళ్లకు దగ్గర చేసింది. ఆయనంటే మాకు గౌరవం ఉంది, కొంత పేచీ కూడా ఉంది.

కార్వర్ 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. బానిసల పిల్లల తేదీలు ఎవరికి కావాలి? తల్లి పేరు మేరీ. మోజెస్ కార్వర్ అనే తెల్ల రైతు ఆమెను 700 డాలర్లకు కొన్నాడు. జార్జ్ పసివాడిగా ఉండగా రాత్రిపూట వచ్చిన దొంగలు తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. బిడ్డ మాత్రం తిరిగొచ్చాడు, ఒక గుర్రం ఇచ్చి విడిపించుకున్నారని చెబుతారు. తల్లి ఏమైందో తెలియలేదు. కోరింత దగ్గుతో చిక్కిపోయిన పిల్లాడు పొలం పనికి పనికిరాడని యజమాని భార్య సుసాన్ అతన్ని ఇంటిపట్టున ఉంచి వంట, ఉతుకుడు, కుట్టుపని నేర్పింది. తర్వాత నియోషో ఊళ్లో నల్లపిల్లల బడికి వెళ్లినప్పుడు మరయా వాట్కిన్స్ అనే నల్లజాతి మంత్రసాని ఇంట్లో ఉన్నాడు. మొక్కల మందుల గురించి ఆమెకు తెలిసింది ఎంతో. కార్వర్ శాస్త్రం వంటింట్లో మొదలైందని మేము అనేది ఇందుకే. ఆయన పుస్తకాల్లో చదివింది ఆ తర్వాత.

చదువు కోసం ఊరూరూ తిరిగాడు. కాన్సస్‌లోని ఫోర్ట్ స్కాట్‌లో 1879లో ఒక నల్లజాతి మనిషిని గుంపు చంపడం కళ్లారా చూసి ఆ ఊరు వదిలేశాడు. హైలాండ్ కాలేజీ ఉత్తరంలో సీటు ఇచ్చింది, మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాక లేదు పొమ్మంది. చివరకు 1891లో అయోవా వ్యవసాయ కళాశాలలో చేరిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యాడు. అక్కడ కూడా మొదట్లో తోటి విద్యార్థుల భోజనశాలలోకి రానివ్వలేదు. కింది అంతస్తులో పొలం కూలీలతో కలిసి తినమన్నారు.

పల్నాడులో ఈ ముక్క చెబితే వివరించి చెప్పాల్సిన పని ఉండదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న చాపకూడు కథ ఈ నేలది. మాలవాడైన కన్నమదాసు ఆ కథలో సేనాని. కారంపూడి వీరుల తిరునాళ్లలో ఏటా ఆ చాప పరుస్తారు. మిగతా రోజుల్లో ఎవరి చాప వాళ్లది. కార్వర్ చదువు ముగించే రోజుల్లోనే, 1895లో, ఇక్కడి వినుకొండలో గుర్రం జాషువా పుట్టారు. పద్యం విని మెచ్చుకున్నవాళ్లే కులం తెలిశాక మొహం తిప్పుకోవడం ఆయన జీవితంలో ఎన్నిసార్లు జరిగిందో తెలుగువాళ్లకు తెలుసు.

కార్వర్ 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తి చేశాడు. ఆ ఏడాదే బుకర్ టి వాషింగ్టన్ పిలుపు మీద అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థకు వచ్చి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ప్రయోగశాల లేదు. చెత్తకుప్పలో పారేసిన సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి ఒకటి తయారు చేసుకున్నాడు. చుట్టూ నేల పత్తితో పీల్చుకుపోయి ఉంది. బానిసత్వం కాగితం మీద 1865లోనే పోయింది గానీ నల్లవాళ్లకు భూమి రాలేదు. తెల్ల ఆసామి భూమిని పాలుకు చేసేవారు. విత్తనం, తిండి, గుడ్డ అన్నీ కొట్టువాడి దగ్గర అప్పు. ఆ అప్పుకు పూచీ రాబోయే పత్తి పంట. పత్తి వేయనివాడికి అప్పు పుట్టదు. అందుకే గడప దాకా పత్తే. తిండి చూస్తే మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, చెరకు పాకం. ఈ తిండితో పెలాగ్రా వచ్చేది. చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చెడి చనిపోయేవారు. నియాసిన్ అనే విటమిన్ లోపమే దీనికి కారణమని తేలడానికి 1930ల దాకా పట్టింది.

కార్వర్ ప్రయోగ క్షేత్రంలో బొబ్బర్లు, వేరుశనగ, సోయా, చిలగడదుంప వేశాడు. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. ఎరువు కొనలేనివాడికి అదే ఎరువు. వేరుశనగలో నియాసిన్ దండిగా ఉంటుంది కూడా. చదువురాని రైతు కాలేజీకి రాలేడు కాబట్టి 1906లో ఒక బండి కట్టించి బడినే ఊళ్లకు తోలారు. చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేశారు. 1916 నాటి పుస్తకంలో వేరుశనగ ఎలా పండించాలో, దాన్ని 105 రకాలుగా ఎలా వండాలో ఉంది. వంటలు రాసిన శాస్త్రవేత్త అని కొందరు చిన్నచూపు చూశారు. పండించమని చెప్పి, తినడం ఎలాగో చెప్పకపోతే ఆ సలహా సగమే కదా!

1919 నాటికి ఆయన వేరుశనగ గింజల నుంచి పాలు తీశాడు. ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. మొక్కల పాలు కనిపెట్టింది కార్వర్ కాదు. చైనాలో సోయా పాలు ఎన్నో తరాల నాటివి. వేరుశనగ వెన్న కూడా ఆయన కనిపెట్టినది కాదు. ఆవు లేని గుడిసెలో, ఆ గుడిసె పక్కనే పండిన గింజతో పాలు చేసుకోవచ్చని పేదలకు చూపించడం ఆయన పని. ఆఫ్రికాలోని కాంగోలో, తల్లులు చనిపోయిన పసిపిల్లలకు పశువుల పాలు దొరకని చోట ఈ పాలు పట్టామని మిషనరీలు ఆయనకు రాశారు.

1920లో మాంట్‌గోమరీ నగరంలో వేరుశనగ రైతుల సభకు ఆయన్ను పిలిచారు. సీసాల పెట్టె మోసుకుంటూ వెళ్తే హోటల్ ముఖద్వారం దగ్గరే ఆపేశారు. పక్క దారిన లోపలికి వెళ్లి ఆ పాలు చూపించి వచ్చాడు. 1921 జనవరిలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు దిగుమతి సుంకం గురించి మాట్లాడటానికి పది నిమిషాలు ఇచ్చారు. ఒక సభ్యుడు పుచ్చకాయ ప్రస్తావన తెచ్చి నల్లవాళ్లను ఎద్దేవా చేశాడు. కార్వర్ తొణకలేదు. ఒక్కో సీసా తీసి చూపిస్తూ పోయాడు. టైమ్ అయిపోయాక ఎంతసేపైనా మాట్లాడమని కమిటీయే అంది. 1922 చట్టంలో వేరుశనగ మీద సుంకం వచ్చింది. రైతుల తరఫున గెలిచి వచ్చినవాడు హోటల్‌లో మాత్రం ముఖద్వారం గుండా నడవలేకపోయాడు.

గాంధీ ఆహార ప్రయోగాల కోసం మొక్కల ఆహారం గురించి టస్కెగీ నుంచి కార్వర్ వివరాలు పంపాడు. గాంధీ కూడా 1935లో వార్ధాలో సోయా ప్రయోగాలు చేయించి వాటి గురించి తన పత్రికలో రాశాడు. ఆ పత్రిక పేరు ‘హరిజన్’. మనం కాదని విసిరికొట్టిన పేరు.

తెలుగు నేల మీద సోయా పంట అంటే ముందు గుర్తొచ్చేవి ఆదిలాబాద్, నిజామాబాద్. నీరు నిలవని నల్లరేగడి దీనికి పనికొస్తుంది. తొలకరికి వేస్తే సుమారు వంద రోజుల్లో కోతకొస్తుంది. అయితే సోయా విత్తనం త్వరగా మొలక శక్తి కోల్పోతుంది. దాచిన గింజల్ని వేసేముందు తడిగుడ్డలో మొలకెత్తించి చూసుకోవాలి. పాలకైతే ఒక గ్లాసు గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున పొట్టు పిసికి కడిగేయాలి. వేడినీళ్లు పోస్తూ రుబ్బితే పచ్చివాసన తగ్గుతుంది. మొత్తం ఏడెనిమిది గ్లాసుల నీళ్లు పట్టాలి. పాత పంచెలో వడకట్టి, కలుపుతూ సన్న సెగ మీద ఇరవై నిమిషాలు కాచాలి. నురగ ముందే పొంగుతుంది, అది చూసి కాగాయనుకుని దించకూడదు. పచ్చి సోయాలో మాంసకృత్తులు అరగనివ్వని పదార్థం ఉంటుంది, అది బాగా కాగితేనే పోతుంది. మిగిలిన పిప్పిని వడల పిండిలో కలిపి వండుకోవచ్చు. వేరుశనగ పాలదీ దాదాపు ఇదే పద్ధతి. బూజు పట్టిన గింజ ఒక్కటి కూడా వాడొద్దు. ఈ పాలలో మాంసకృత్తులు ఉంటాయి గానీ కాల్షియం తక్కువ. ఏడాదిలోపు పిల్లలకు తల్లిపాల బదులు ఇవి పట్టకూడదు. కాంగో పసివాళ్లకు పట్టింది వేరే దారి లేక.

ఇక మా పేచీ. కార్వర్ భూమి ఎవరిదని అడగలేదు. ఓటు గురించి, గుంపులు చేసే హత్యల గురించి బహిరంగంగా గొంతెత్తలేదు. తెల్లవాళ్లు ఆయన్ను అంతగా నెత్తిన పెట్టుకోవడానికి అదీ ఒక కారణం. హెన్రీ ఫోర్డ్ 1942లో డియర్‌బోర్న్‌లో ఆయన పేరున ప్రయోగశాల కట్టించాడు. బుకర్ టి వాషింగ్టన్ సర్దుబాటు దారిని డుబోయిస్ 1903లోనే తప్పుపట్టాడు. 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసింది ఆ డుబోయిస్‌కే. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అంకితమిచ్చింది బానిసత్వం మీద పోరాడిన అమెరికన్లకు. మన వాళ్ల చూపు అమెరికాలో ఎటు ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా, భూమి వచ్చేదాకా పిల్లలు ఏం తినాలి అనే ప్రశ్నను కార్వర్ అంత శ్రద్ధగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నను ఉద్యమాలు ఇళ్లలో ఆడవాళ్లకు వదిలేశాయి. ఈ మాటకు మాతో వాదించేవాళ్లుంటే వాదించవచ్చు.

కార్వర్ 1943 జనవరి 5న చనిపోయాడు. జీవితమంతా దాచిన సుమారు 60 వేల డాలర్లు టస్కెగీలో పరిశోధనకు రాసిచ్చాడు. అదే ఏడాది ఆయన పుట్టిన పొలాన్ని జాతీయ స్మారకం చేశారు. ఒక నల్లజాతి మనిషి పేరున అమెరికాలో అదే మొదటిది. యజమాని పొలమే ఆయనకు స్మారకమైంది.

మాచర్ల దగ్గర ఒక పల్లెలో ఈ సోయా పాలు కాచి చూపించాం. రుచి కొందరికి నచ్చింది, కొందరు వద్దన్నారు. ఒక పెద్దమ్మ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఈ గింజ వేయాలంటే కౌలు చేలో ఏ మూల వేయాలి నాయనా అని అడిగింది. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలన్నా ఆసామి సంతకం పెట్టాలి. ఆమె కొడుక్కి ఆ కార్డు లేదు. కంది మొక్కలు వేసే గట్టు మీద వేయొచ్చేమో అన్నాం. గట్టు కూడా ఆయనదే కదా, అడగాలి అంది.