కంటి గుట్టు విప్పిన కెప్లర్ మహాశయుడు

ఈ రోజుల్లో మన ఇళ్లలో ఒక మార్పు అందరమూ చూస్తూనే ఉన్నాము. తాతగారు డెబ్బయ్యేళ్ల వయసులో కూడా వీధి చివర వచ్చే మనిషి ఎవరో గుర్తుపడతారు. తండ్రికి నలభై దాటాక చత్వారం వచ్చి, పేపరు చదవడానికి మాత్రం అద్దాలు కావలసి వచ్చాయి. మనవడికో మనవరాలికో ఐదో తరగతిలోనే దూరపు సైటు వచ్చి కూర్చున్నది. మా వంశంలో ఎవరికీ లేదే, ఈ పిల్లకు ఎక్కడినుంచి వచ్చిందని పెద్దలు ఆశ్చర్యపోతారు. ఆడపిల్ల అయితే పెళ్లిచూపుల నాడు కళ్లజోడు తీసి దాచేవాళ్లూ లేకపోలేదు. బోర్డు కనబడక వెనకబడిన పిల్లవాణ్ణి మొద్దు అని తిట్టే తల్లిదండ్రులూ ఉన్నారు.

తల్లిదండ్రుల కంటికీ పిల్లల కంటికీ ఈ తేడా ఎందుకు వస్తున్నది? ఈ ప్రశ్నకు జవాబు దొరికే దారిలో పెద్ద అడుగు వేసిన మహాశయుడు జర్మనీ దేశపు జోహాన్నెస్ కెప్లర్. గ్రహాలు తిరిగే దారిని లెక్కగట్టిన ఖగోళ శాస్త్రజ్ఞుడిగా ఆయన పేరు మన పిల్లలు పాఠ్యపుస్తకాలలో చదువుతారు. ఆ కెప్లర్‌కే చూపు సరిగా ఉండేది కాదని, దూరపు సైటు సంగతిని అచ్చుపుస్తకంలో మొదట సరిగా వివరించినది ఆయనేనని తెలిసినవారు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేయదలచాము.

కెప్లర్ 1571 డిసెంబరు 27న వైల్ డెర్ స్టాట్ అనే చిన్న ఊళ్లో నెలలు నిండకుండా పుట్టారు. తాత ఒకప్పుడు ఆ ఊరి పెద్ద. కాని తండ్రి హైన్‌రిఖ్ నాటికి ఇంటి పరిస్థితి దిగజారింది. ఆయన కూలికి యుద్ధాలు చేసే సిపాయి. ఇల్లు పట్టకుండా తిరిగి తిరిగి, చివరకు ఒకనాడు వెళ్లినవాడు మరి తిరిగిరాలేదు. తల్లి కథరీనా సత్రం నడిపేవారి కూతురు. ఆకులు, వేళ్లు నూరి నాటుమందులు ఇచ్చేది. సంసారభారమంతా ఆమె మీదనే పడింది.

చిన్నతనంలోనే కెప్లర్‌కు మశూచి సోకింది. ప్రాణం దక్కింది గాని చేతుల పట్టు తగ్గింది, చూపు దెబ్బతిన్నది. దూరపు వస్తువులు మసకగా కనబడేవి, ఒక వస్తువు రెండు మూడుగా కూడా కనబడేది. అటువంటి పిల్లవాణ్ణి 1577లో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు తల్లి ఎత్తయిన చోటికి తీసుకుపోయి చూపించింది. అప్పటికి ఆయనకు ఆరేళ్లు కూడా నిండలేదు. ఆస్తి ఏమీ ఇవ్వలేని ఆ తల్లి కొడుకుకు ఆకాశం చూపించిందంటే తప్పులేదు.

చదువులో చురుకు కనుక ప్రభుత్వ వేతనం మీద చదివి 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం చేరారు. మతాచార్యుడు కావాలని ఆయన కోరిక. అక్కడ మెస్ట్లిన్ అనే గురువు దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. సూర్యుని చుట్టూ భూమి తిరుగుతున్నదన్న కోపర్నికస్ సిద్ధాంతం అక్కడే ఆయన మనసుకు పట్టింది. 1594లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో లెక్కల మాస్టారుగా కుదిరారు. ప్రభువుల మతంలోకి మారడానికి ఒప్పుకోనందున 1600లో భార్యాబిడ్డలతో ఆ ఊరు వదలవలసి వచ్చింది.

అప్పుడు ప్రాగ్ నగరంలో టైకో బ్రాహీ అనే గొప్ప పరిశీలకుడు ఉండేవాడు. దుర్భిణీ లేని ఆ కాలంలో, ఉత్త కంటితో, పెద్ద పెద్ద పరికరాలు పెట్టుకుని ఏళ్ల తరబడి గ్రహాల స్థానాలు రాసిపెట్టినవాడు. కెప్లర్ ఆయన దగ్గర సహాయకుడుగా చేరారు. 1601లో టైకో చనిపోగా రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడి పదవి కెప్లర్‌కు దక్కింది. జీతం పేరుకు పెద్దదే, చేతికి వచ్చేది మాత్రం తక్కువ. చూపు బాగున్న టైకో చూసి రాసినదాన్ని చూపు లేని కెప్లర్ లెక్కగట్టి అర్థం చెప్పారు. అంగారకుడు గుండ్రటి దారిలో కాక దీర్ఘవృత్తంలో తిరుగుతాడని 1609లో ప్రకటించారు.

అంతకుముందే, 1604లో, కాంతి గురించి ఆయన ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. దాని పేరు విటేలో గ్రంథానికి అనుబంధం అని అర్థమిస్తుంది. విటేలో 13వ శతాబ్దపు యూరపు పండితుడు. ఆయన విద్యకు ఆధారం ఇంకా పాతది. బస్రాలో సుమారు 965లో పుట్టి, కైరోలో సుమారు 1040లో కన్నుమూసిన ఇబ్నుల్ హైథమ్ రాసిన కితాబుల్ మనాజిర్ అనే ఏడు భాగాల గ్రంథమే ఆ ఆధారం. కంటిలోనుంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకుతాయని పూర్వులు కొందరు అనుకునేవారు. వస్తువునుంచే కాంతి కంటికి వస్తుందని ఇబ్నుల్ హైథమ్ ప్రయోగాలతో, గణితంతో నిరూపించారు. ఆ గ్రంథపు లాటిను అనువాదాన్ని, విటేలో గ్రంథాన్ని కలిపి 1572లో బాసెల్ నగరంలో అచ్చువేశారు. అంటే కెప్లర్ పుట్టిన మరుసటి ఏడే. తండ్రినుంచి కొడుక్కి ఆస్తి వచ్చినట్టు ఆ విద్య బస్రానుంచి ప్రాగ్‌కు వచ్చిందన్నమాట.

అయితే కంటిలో చూపు ఏర్పడే చోటు ముందరి కటకమేనని ఇబ్నుల్ హైథమ్ భావించారు. కెప్లర్ ఇంకో మెట్టు ఎక్కారు. కటకం పని కిరణాలను వంచి ఒకచోటికి చేర్చడం మాత్రమే, బొమ్మ పడేది కంటి వెనక ఉన్న రెటీనా అనే పొర మీద, అదీ తలకిందులుగా అని చెప్పారు. సినిమా హాలు సంగతి తలచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. ప్రొజెక్టరు అద్దం కటకం వంటిది, తెర రెటీనా వంటిది. తెర సరయిన దూరంలో ఉంటేనే బొమ్మ స్పష్టం. తెరను వెనక్కి జరిపితే కిరణాలు తెరకు ముందే కలుసుకుంటాయి, బొమ్మ మసకబారుతుంది.

దూరపు సైటు సరిగ్గా ఇదే. ఇటలీలో 13వ శతాబ్దం చివరినుంచి కళ్లజోళ్లు వాడుకలో ఉన్నాయి. పనిచేస్తున్నాయని తెలుసు గాని ఎందుకు పనిచేస్తున్నాయో మూడు వందల ఏళ్లపాటు ఎవరూ సరిగా చెప్పలేదు. దూరపు సైటువారికి కిరణాలు రెటీనా చేరకముందే కలుస్తాయని, నడుమ పల్లంగా ఉన్న అద్దం ఆ కిరణాలను కాస్త విడదీసి కలిసే చోటును వెనక్కి నెడుతుందని కెప్లర్ తేల్చారు. చిన్నతనంనుంచీ పుస్తకాలకో సన్నపనికో కన్ను అలవాటుపడితే దగ్గరి చూపే దానికి స్థిరపడుతుందని కూడా ఆయన అప్పుడే అనుమానించారు.

ఇంతటి మేధావికి సంసార సుఖం దక్కలేదు. 1611లో ఆరేళ్ల కొడుకు ఫ్రెడ్రిక్ మశూచితో పోయాడు. అదే ఏడు భార్య బార్బరా కూడా కన్నుమూసింది. ఆ తర్వాత ఆయన లింజ్ పట్టణానికి మారి, 1613లో సుసన్నాను వివాహమాడారు. రెండేళ్లు తిరగకముందే తల్లి మీద పెద్ద అపవాదు వచ్చిపడింది. ఆమె ఇచ్చిన పానీయం తాగి జబ్బుపడ్డానని పొరుగున ఒక స్త్రీ అన్నది. అది పెరిగి పెరిగి, కథరీనా మంత్రగత్తె అనే కేసు అయింది. 1620లో డెబ్బయి దాటిన ఆ ముసలమ్మను పట్టుకుపోయి గొలుసులతో కట్టారు. కెప్లర్ తన పనులు ఆపి స్వదేశం వెళ్లి, సాక్షుల మాటలను ఒక్కొక్కటే విప్పి, జబ్బులకు మామూలు కారణాలు చూపుతూ వాదించారు. హింసించే పరికరాలు ముందు పెట్టి బెదిరించినా ఆమె చేయని నేరం ఒప్పుకోలేదు. పద్నాలుగు నెలల నిర్బంధం తర్వాత 1621లో విడుదల చేశారు. ఆరు నెలలకే, 1622లో, ఆమె మరణించింది.

1627లో టైకో పరిశీలనల ఆధారంగా రుడాల్ఫ్ పట్టికలు అచ్చువేసి కెప్లర్ తన బాకీ తీర్చుకున్నారు. తనకు రావలసిన జీతం బాకీ మాత్రం ఎవరూ తీర్చలేదు. దానికోసం తిరుగుతూ రేగెన్స్‌బర్గ్ చేరి, అక్కడ జ్వరంతో 1630 నవంబరు 15న కన్నుమూశారు. తర్వాతి యుద్ధాలలో ఆయన సమాధి కూడా ఆనవాలు లేకుండా పోయింది.

ఇక ఆయన వదిలిపోయిన ప్రశ్న సంగతి చూద్దాము. పుట్టిన బిడ్డ కన్ను ముందునుంచి వెనకకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెరిగి పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్లకు వస్తుంది. ఈ పెరుగుదల సరయిన చోట ఆగితే చూపు బాగుంటుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగినా రెండున్నర పవరుకు పైగా సైటు వస్తుంది. సినిమా హాలు తెర వెనక్కి జరిగినట్టే.

ఇది వంశమా, అలవాటా? రెండూ ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరికీ దూరపు సైటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం హెచ్చు. కాని వంశలక్షణాలు ఒక్క తరంలో మారిపోవు గదా. అలాస్కా ఉత్తర కొనలోని ఇన్యూయిట్ కుటుంబాలను 1969లో వెలువడిన ఒక పరిశీలనలో చూశారు. మంచులో వేటాడుతూ పెరిగిన పెద్దలు 131 మందిలో దూరపు సైటు ఉన్నది ఇద్దరికే. బడులు వచ్చాక పెరిగిన వారి పిల్లలలో, మనవలలో సగానికి పైగా ఉన్నది. రక్తం అదే, కుటుంబం అదే, గడిపిన బాల్యం వేరు.

ఇంకొక నిదర్శనం 2008లో వచ్చింది. సింగపూరులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ ఆరేడేళ్ల చైనా సంతతి పిల్లలను పోల్చారు. తల్లిదండ్రులలో సైటు రెండు చోట్లా దాదాపు ఒకటే. పిల్లలలో మాత్రం సింగపూరులో నూటికి 29 మందికి, సిడ్నీలో నూటికి ముగ్గురికి సైటు ఉన్నది. సిడ్నీ పిల్లలు పుస్తకాలు తక్కువ చదివారా అంటే అదీ లేదు. వారు వారానికి సుమారు 14 గంటలు ఆరుబయట గడిపారు, సింగపూరు పిల్లలు మూడు గంటలు. చైనాలోని గ్వాంగ్‌జౌ బడులలో రోజుకు 40 నిమిషాలు పిల్లలను అదనంగా బయటకు పంపారు. మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవారు మామూలు బడులలో నూటికి దాదాపు 40 మంది కాగా ఈ బడులలో 30 మంది అని 2015లో తేలింది. పగటి వెలుతురు కంటిలో డోపమిన్ అనే పదార్థాన్ని పెంచి, కన్ను అతిగా సాగకుండా చూస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లలను రోజుకు రెండు గంటలయినా పగటి వెలుతురులో ఆడుకోనివ్వండి. ఆడపిల్లలను కూడా. సూర్యుని వైపు నేరుగా చూడనివ్వకండి. పుస్తకం, సెల్‌ఫోను ముఖానికి అంటించుకోకుండా చూడండి, మధ్యమధ్య కళ్లెత్తి దూరం చూడమనండి. బడిలో చేర్చేముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా కంటి డాక్టరుకు చూపించండి. అద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందన్న మాట నిజం కాదు. కావాలని తక్కువ పవరు అద్దాలు ఇప్పించడం వల్లనూ మేలు లేదు. సైటు త్వరత్వరగా పెరుగుతున్న పిల్లలకు ఇప్పుడు చుక్కల మందు, ప్రత్యేకమయిన అద్దాలు ఉన్నాయి. అవి డాక్టరు చెబితేనే వాడాలి. పెద్ద పవరు ఉన్నవారికి రెటీనా ఊడే ప్రమాదం ఉంటుంది గనుక అశ్రద్ధ పనికిరాదు.

దూరపు సైటు శాపమూ కాదు, ఇంటికి మచ్చా కాదు. కొలిస్తే తేలే సంగతి, అద్దంతో సరిపడే లోటు. మసక చూపుతోనే ఒక మనిషి గ్రహాల దారి కనిపెట్టాడు, కన్నతల్లిని చావునుంచి తప్పించాడు. అటువంటి చూపున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే మొద్దు అనకండి. ముందు కళ్లు చూపించండి, పెళ్లిచూపులకయినా సరే కళ్లజోడు పెట్టుకునే కూర్చోనివ్వండి.