రాళ్ళలో కాలాన్ని చదివిన మేరీ ఏనింగ్



2007లో ఇంగ్లండులో 'ప్రైమీవల్' అనే టీవీ సీరియల్ మొదలైంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన సైన్సు కల్పన అది. కాలంలో అక్కడక్కడా తలుపులు తెరుచుకుంటాయి. వాటిలోంచి కోట్ల ఏళ్ళ కిందటి జంతువులు ఇప్పటి ఊళ్ళలోకి వచ్చిపడతాయి. ఒక ప్రొఫెసరు, ఆయన జట్టు వాటి వెంట పరుగులు పెడతారు. 2011 దాకా వచ్చిన ఆ సీరియల్‌లో రెక్కల బల్లులు, సముద్రపు రాకాసి బల్లులు చూసేవాళ్ళ కళ్ళ ముందు కదులుతాయి. కాలపు తలుపులు కల్పనే. అలాంటి జంతువులు ఒకప్పుడు ఈ భూమి మీద ఉండేవన్నది మాత్రం నిజం. ఆ నిజాన్ని రాళ్ళలోంచి తవ్వి తీసి లోకానికి చూపించిన తొలి తరం వాళ్ళలో ఒక పేద వడ్రంగి కూతురు ఉంది. ఆమే మేరీ ఏనింగ్. ఆమె జీవితం మనలాంటి విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సినదని తలచి ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

బాల్యం

మేరీ 1799 మే 21న ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి రిచర్డ్ వడ్రంగి పని చేసేవాడు. ఆ దంపతులకు చాలామంది పిల్లలు పుట్టినా పెద్దయ్యేదాకా బతికింది మేరీ, ఆమె అన్న జోసెఫ్ మాత్రమే. మేరీ ఏడాది పైచిలుకు పసిపిల్లగా ఉన్నప్పుడు, 1800 ఆగస్టులో, ఆమెను ఎత్తుకుని చెట్టు కింద నిలబడిన స్త్రీ మీద పిడుగు పడింది. అక్కడున్న ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. మేరీ మాత్రం బతికి బయటపడింది.

ఆ కుటుంబం అధికార చర్చికి చెందినది కాదు, వేరే క్రైస్తవ శాఖకు చెందినది. అలాంటి శాఖల వాళ్ళకు ఆనాటి ఇంగ్లండులో పెద్ద యూనివర్సిటీలు, ప్రభుత్వ ఉద్యోగాలు అందేవి కావు. పైగా పేదరికం. మేరీకి దొరికిన చదువల్లా చర్చివారు నడిపే ఆదివారపు బడిలో నేర్చుకున్న చదవడం, రాయడం. అంతకు మించి ఆమె ఏ బడికీ వెళ్ళి పెద్దగా చదువుకున్నది లేదు.

లైమ్ రీజిస్ పక్కనే సముద్రపు గట్టున ఎత్తయిన కొండచరియలు ఉన్నాయి. సున్నపురాయి, బంకమట్టి రాయి పొరలు పొరలుగా పేర్చినట్టు ఉంటాయి. దాదాపు 20 కోట్ల ఏళ్ళ కిందట అదంతా సముద్రపు అడుగు. చచ్చిన జంతువులు బురదలో కూరుకుపోయి, వాటి ఎముకలు కాలక్రమాన రాయిగా మారాయి. వాటినే మనం శిలాజాలు అంటాం. చలికాలపు తుఫానులకు చరియలు విరిగిపడినప్పుడల్లా కొత్త శిలాజాలు బయటపడేవి. రిచర్డ్ వాటిని ఏరి, ఊరికి వచ్చే షికారు జనానికి అమ్మేవాడు. పిల్లలిద్దరినీ వెంట తీసుకెళ్ళి ఆ పని నేర్పాడు.

1810లో ఆయన చనిపోయాడు. ఇంట్లో మిగిలింది అప్పులే. తల్లీపిల్లలు ఊరివాళ్ళు పేదలకిచ్చే సాయం మీద బతకాల్సి వచ్చింది. శిలాజాలు ఏరి అమ్ముకోవడం వాళ్ళకు సరదా కాదు, పొట్టకూటి మార్గం.

మొదటి విజయం

1811లో జోసెఫ్‌కు నాలుగు అడుగుల పొడవున్న ఒక పెద్ద పుర్రె దొరికింది. మొసలిదేమో అనుకున్నారు. జోసెఫ్ తన పనికి వెళ్ళాలి కనుక మిగతా శరీరాన్ని వెతికే పని మేరీ మీద పడింది. 1812లో ఆమె మిగతా అస్థిపంజరాన్ని కనిపెట్టింది. కూలివాళ్ళను పెట్టి తవ్వించింది. అప్పటికి ఆమె వయసు పన్నెండు, పదమూడేళ్ళు. అంటే మన హాస్టల్లో ఏడో, ఎనిమిదో తరగతి పిల్ల ఈడు!

అది మొసలి కాదు. చేపలాంటి శరీరం, బల్లిలాంటి ఎముకలు గల సముద్రపు సరీసృపం. తర్వాత దానికి ఇక్తియోసార్ అని పేరు పెట్టారు. ఆ ఊరి జమీందారు దాన్ని సుమారు 23 పౌండ్లకు కొన్నాడు. అది లండన్ చేరింది, జనం గుంపులుగా వచ్చి చూశారు. 1814లో ఒక పెద్ద డాక్టరు దాని గురించి సైన్సు పత్రిక రాశాడు. అందులో కనిపెట్టిన పిల్లల పేరు లేదు.

మేరీ జీవితమంతా ఇదే వరస. దొరికించుకునేది ఆమె. కొనుక్కునేది ధనవంతులు. పేరు వచ్చేది పండితులకు.

నిజాయితీకి వచ్చిన పరీక్ష

1823 చివర్లో ఆమె మరో అద్భుతమైన అస్థిపంజరాన్ని పూర్తిగా వెలికితీసింది. చిన్న తల, పాములాంటి పొడుగాటి మెడ, తెడ్ల వంటి కాళ్ళు. అదే ప్లీసియోసార్. ఫ్రాన్సులో కువియే అనే మహా పండితుడు ఉండేవాడు. ఎముకల శాస్త్రంలో యూరప్ మొత్తానికి ఆయన మాటే మాట. ఏ సరీసృపానికీ మెడలో అన్ని ఎముకలు ఉండవని, రెండు జంతువుల ఎముకలు కలిపి అతికించారేమోనని ఆయన అనుమానించాడు.

మిత్రులారా, ఇది చిన్న మాట కాదు. మోసగత్తె అన్న ముద్ర పడితే ఆమె దగ్గర మళ్ళీ ఎవరూ ఒక్క రాయి కూడా కొనరు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. 1824లో లండన్‌లోని జియలాజికల్ సొసైటీ సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చింది. ఆ సమావేశంలో స్త్రీలకు ప్రవేశం లేదు కాబట్టి మేరీ అక్కడ లేదు. ఆమె తీసిన ఎముకలే ఆమె తరఫున సాక్ష్యం చెప్పాయి. అస్థిపంజరం అసలైనదేనని తేలింది. కువియే కూడా తన పొరపాటు ఒప్పుకున్నాడు. అయినా ఆ జంతువును సభలో వివరించిన పండితుడు మేరీ పేరు ఎత్తలేదు.

స్వయంకృషి

మేరీ కుంగిపోలేదు. పుస్తకాలు, సైన్సు పత్రికలు కొనే స్తోమత లేక, అరువు తెచ్చుకుని చేత్తో రాసుకునేది. అందులోని బొమ్మలను కూడా గీతకు గీత దింపేది. చేపలను కోసి ఎముకల అమరిక చూసి, రాళ్ళలో కనిపించిన వాటితో పోల్చుకునేది. అలా ఎవరూ పాఠం చెప్పకుండానే, యూనివర్సిటీ ప్రొఫెసర్లు వచ్చి సందేహాలు అడిగే స్థాయికి ఎదిగింది.

1826లో, 27 ఏళ్ళ వయసులో, సొంతంగా ఒక ఇల్లు కొని ముందు గదిలో శిలాజాల దుకాణం పెట్టింది. 1828లో రెక్కలున్న సరీసృపం ఎముకలు కనిపెట్టింది. జర్మనీ బయట అలాంటిది దొరకడం అదే మొదటిసారి. 1844లో సాక్సనీ రాజే స్వయంగా ఆమె దుకాణానికి వచ్చాడు.

పని మాత్రం ఎప్పుడూ ప్రాణాల మీదికే. చరియ విరిగిన వెంటనే వెళ్ళాలి, లేకపోతే అలలు ఎముకలను లాక్కుపోతాయి. 1833లో ఒక కొండచరియ ఆమె కళ్ళ ముందే విరిగిపడి, ఎప్పుడూ వెంట ఉండే కుక్క ట్రే చచ్చిపోయింది. ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

ఆమె చిన్ననాటి స్నేహితుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ డి లా బెష్ 1830లో ఒక బొమ్మ వేశాడు. మేరీ తవ్వితీసిన జంతువులన్నీ బతికి ఈదుతున్నట్టు, ఎగురుతున్నట్టు, ఒకదాన్నొకటి తింటున్నట్టు అందులో ఉంటాయి. ఆ బొమ్మ ప్రతులు అమ్మిన డబ్బు ఆమెకు ఇచ్చాడు. శిలాజాల ఆధారంతో ప్రాచీన లోకాన్ని కళ్ళకు కట్టిన తొలి బొమ్మల్లో అది ఒకటి. ఈనాటి సినిమాలూ సీరియళ్ళూ ఆ దారిలో వచ్చినవే.

చివరి రోజులు

1835 ప్రాంతంలో దాచుకున్న డబ్బు చెడ్డ పెట్టుబడిలో పోయింది. శాస్త్రజ్ఞులైన మిత్రులు పూనుకుని ఆమెకు ఏడాదికి 25 పౌండ్ల భృతి ఏర్పాటు చేయించారు. 1847 మార్చి 9న, 47 ఏళ్ళకే, రొమ్ము క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది. అప్పటికి జియలాజికల్ సొసైటీ అధ్యక్షుడిగా ఉన్న డి లా బెష్, సభ్యురాలు కాని ఆమెకు ఆ సొసైటీ వేదిక మీద నివాళి అర్పించాడు. ఆ సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. 2010లో రాయల్ సొసైటీ, సైన్సును ప్రభావితం చేసిన పదిమంది బ్రిటిష్ మహిళల్లో ఆమెను చేర్చింది. 2022లో ఆమె ఊళ్ళో విగ్రహం వెలిసింది. దానికోసం మొదట గొంతెత్తింది ఒక బడి పిల్లే!

మనం నేర్చుకోవాల్సింది

ఇలాంటి రాళ్ళు మన నేలలోనూ ఉన్నాయి. తెలంగాణలోని ప్రాణహిత–గోదావరి లోయలో జురాసిక్ కాలపు డైనోసార్ ఎముకలు దొరికాయి. యామన్‌పల్లి పేరు కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని 1988లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. విహారయాత్రకు వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ దాని ముందు కాసేపు ఆగి చూడండి.

పేదరికం మేరీ చదువును ఆపలేకపోయింది. కాని ఆమె పేరును కాగితం మీదకు రాకుండా చాలా ఏళ్ళు ఆపింది. చదువు మన చేతిలో ఉంది, కష్టపడదాం. పేరు మాత్రం ఎదుటివాళ్ళు రాయాల్సినది. అందుకే సైన్సు ఫెయిర్‌కు చార్టు తయారు చేసినా, నాటిక వేసినా, ఇలాంటి పత్రిక తెచ్చినా, అట్టలు కత్తిరించిన వాడి దగ్గర్నుంచి అందరి పేర్లూ రాద్దాం. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలూ అక్కలూ కూడా తమ కింద పనిచేసేవాళ్ళ విషయంలో ఈ మాట గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటున్నాం.