వైవిధ్యమునకు కొలబద్ద నొసగిన మహలనోబిస్

ప్రకృతిలో ఏ రెండు వస్తువులును సర్వసమానములు కావు. ఒకే చెట్టున కాచిన రెండు కాయలకైనను కొంత భేదముండును. అట్లని ప్రతి వస్తువును వేరువేరుగా నెంచినచో శాస్త్రమునకు పునాదియే యుండదు. పోలికను బట్టి గుంపులు కట్టుట విజ్ఞానమునకు మొదటి మెట్టు. కాని ఎంత పోలిక యున్నచో ఒకే గుంపు? ఎంత భేదమున్నచో వేరు గుంపు? ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో సమాధానము వెదకినవారిలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అగ్రగణ్యుడు.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబమున జన్మించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము నభ్యసించి, 1913లో ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరెను. గణితమేధావి శ్రీనివాస రామానుజముతో అచటనే ఆయనకు పరిచయ మేర్పడెను. 1915లో స్వదేశమునకు మరలు తరుణమున, మెకాలే అను అధ్యాపకుడు ‘బయోమెట్రికా’ అను పత్రికను ఆయనకు చూపెను. ప్రాణుల కొలతలను గణితముతో పరిశీలించు ఆ పత్రిక సంపుటములను మహలనోబిస్ కొని, ఓడప్రయాణములోనే చదువ మొదలిడెను. భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించినను, ఆయన మనస్సు నాటినుండి గణాంకశాస్త్రమునందు లగ్నమయ్యెను.

1920లో నాగపురమున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో జంతుశాస్త్రజ్ఞుడగు నెల్సన్ అనండేల్ ఆయనకు ఒక పని యప్పగించెను. కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల శరీరపు కొలతలు అనండేల్ సేకరించి యుంచెను, వానిని విశ్లేషింపవలెను. 1922లో వెలువడిన ఆ పరిశీలనయే మహలనోబిస్ జీవితమున మలుపు.

ఇందలి చిక్కు ఏమి? రెండు సమూహములను ఒక్క ఎత్తునుబట్టి పోల్చుట సులభము. కాని మనుష్యునికి ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు, చేతి పొడవు మున్నగు కొలతలు పెక్కులు గలవు. ఎత్తులో ఒక సెంటీమీటరు భేదము గణనకు రానిది. ముక్కు వెడల్పులో అదే భేదము మిక్కిలి పెద్దది. కావున ఒక్కొక్క భేదమును, సమూహములోపల ఆ కొలత సహజముగా ఎంత మారుచుండునో దానితో సరిచూడవలెను. రెండవ చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. పొడగరి బాలునికి చేతులును పొడవుగనే యుండును. ఎత్తును చేతి పొడవును విడివిడిగా లెక్కించినచో ఒకే భేదమును రెండుమారులు లెక్కించినట్లగును. అదే పొడగరికి చేతులు పొట్టివైనచో, అది నిజముగా గమనింపదగిన విశేషము. కొలతల నడుమ గల ఈ సంబంధమును గూడ లెక్కలోనికి గొని, అన్నిటిని కలిపి ఒక్క సంఖ్యగా చెప్పు సాధనము కావలసి యుండెను.

1925లో ఆయన బెంగాలు కులముల కొలతలకు తన ‘దూరము’ను తొలిగా ప్రయోగించెను. బెంగాలు బ్రాహ్మణులు ఇతర ప్రాంతముల బ్రాహ్మణులకంటె తమ పొరుగున నున్న బెంగాలు కులములకే దగ్గరగా నున్నట్లు తేలెను. ముక్కు కొలతలనుబట్టి కులముల హెచ్చుతగ్గులు నిర్ణయింప జూచిన రిస్లే సేకరించిన కొలతలే ఇందుకు ఆధారమగుట విశేషము. ఆ పట్టికలందలి దోషములను సైతము ఆయన పరీక్షించి, 1933లో సవరణను ప్రకటించెను.

ఆ కాలమున ఈ రంగమున సుప్రసిద్ధుడు లండను నందలి కార్ల్ పియర్సన్. ఆయనకును ఒక కొలమానము గలదు. కాని కొలిచిన మనుష్యుల సంఖ్య పెరిగిన కొలదిని దాని విలువయు పెరుగుచుండెను. భేదము కలదా అనుట యొక ప్రశ్న, భేదమెంత అనుట వేరొక ప్రశ్న యని మహలనోబిస్ వాదించెను. పియర్సన్ సమ్మతింపలేదు. ఎవరి పత్రికను చదివి ఈ శాస్త్రమున అడుగిడెనో, వారితోనే విభేదింపవలసి వచ్చినను మహలనోబిస్ తన మార్గము విడువలేదు. 1936లో కొలతల పరస్పర సంబంధమును గూడ ఇముడ్చుకొన్న పూర్ణరూపమును ప్రకటించెను. నేడు లోకమంతటను అది ‘మహలనోబిస్ దూరము’ అను పేర చెల్లుచున్నది.

1931 డిసెంబరున ఆయన పూనికతో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడెను. 1933లో ‘సంఖ్య’ పత్రిక వెలసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన తెలుగుబిడ్డ సి. ఆర్. రావు 1941లో అచట చేరెను. అదే సంవత్సరము ఐక్యరాష్ట్రములలో, అనగా నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతమున, మానవశాస్త్రజ్ఞుడగు డి. ఎన్. మజుందార్ కొలతలు సేకరించెను. వానిని ముగ్గురును కలిసి విశ్లేషించి 1949లో ప్రకటించిరి. బ్రాహ్మణ శాఖలు ఒక గుచ్ఛముగను, చేతివృత్తుల కులములు వేరొక గుచ్ఛముగను ఏర్పడెను; దేనిలోను చక్కగా ఇముడని సమూహములును మిగిలెను. సూడానులోని జెబెల్ మోయాలో దొరికిన ప్రాచీనుల ఎముకలను సైతము రావు కేంబ్రిడ్జిలో ఈ దూరముతోనే పరిశీలించెను.

గుచ్ఛములు కట్టు విధమొకటి రావు 1952 నాటి తన గ్రంథమున వివరించెను. టోచర్ సూచించిన ఆ పద్ధతి సులభమైనది. మొదట అతి సమీపమున నున్న రెండు సమూహములను చేర్పవలెను. పిదప వానికి దగ్గరగా నున్న మూడవదానిని, నాలుగవదానిని కలుపుకొనుచు పోవలెను. సగటు దూరము ఎచ్చట హఠాత్తుగా పెరుగునో అచ్చట నిలిపి, క్రొత్త గుచ్ఛము నారంభింపవలెను. వరి మొదలగు పైరుల రకములలో దూరపువానిని గుర్తించి సంకరము చేయుటకు మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు నేటికిని ఈ పద్ధతి నవలంబించుచున్నారు.

మహలనోబిస్ 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేకును, 1956 నాటి రెండవ పంచవర్ష ప్రణాళికకును రూపకర్త. 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1968లో పద్మవిభూషణ బిరుదమును పొందెను. 1972 జూన్ 28న, తన డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ఒక్కరోజు ముందు, కన్నుమూసెను. 2007 నుండి జూన్ 29ని దేశము గణాంక దినముగా జరుపుకొనుచున్నది.

ఆయన కొలబద్ద రెండు సమూహముల నడుమ ఎంత దూరమో చెప్పును గాని ఏది ఎక్కువయో, ఏది తక్కువయో చెప్పదు. గుంపుల నడుమ గీత ఎచ్చట గీయవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే. ఆ గీతను గీయుటకు ముందు కొలతలు సరియైనవేనా యని విచారింపవలెనని మహలనోబిస్ జీవితము విద్యార్థులకు బోధించుచున్నది.