ఇక్కడ చేసి అక్కడ బిగించినవాడు

ఈఫిల్ అనగానే మనకి టవర్ ఒక్కటే గుర్తొస్తుంది. కానీ 1889లో అది పూర్తయ్యేసరికి ఆయనకి 56 ఏళ్లు. అప్పటికే చాలా ఏళ్లు ఫ్రాన్స్‌లో ఇనుము కోయించి, వేరే దేశాల్లో బిగించడంలో గడిచిపోయాయి.

గుస్తావ్ ఈఫిల్ 1832లో దిజోన్‌లో పుట్టాడు. చదివింది కెమిస్ట్రీ. బంధువుల వెనిగర్ ఫ్యాక్టరీలో చేరాల్సినవాడు, కుటుంబంలో గొడవలొచ్చి రైల్వే బ్రిడ్జిల వైపు వచ్చాడు. (చదివిన బ్రాంచ్ ఒకటి, చేసే ఉద్యోగం ఇంకొకటి అనేది మన కాలేజీతో మొదలవలేదు!) 1866లో పారిస్ పక్కనే లెవల్వా-పెరేలో సొంత వర్క్‌షాప్ పెట్టాడు. 1877లో పోర్చుగల్‌లోని పోర్టోలో 160 మీటర్ల ఆర్చ్‌తో మరియా పియా బ్రిడ్జి కట్టాక పేరు మోగిపోయింది. తర్వాత ఇండోచైనాకి విడి భాగాలుగా పంపే బ్రిడ్జిలు కూడా చేశాడు. అక్కడ రివెట్లు కొట్టే పనివాళ్లు దొరకరని, బోల్టులతోనే బిగించేలా డిజైన్ చేశారు.

ఈ పద్ధతిలో అసలు కష్టం డ్రాయింగ్‌ది. టవర్‌కి 18,038 భాగాలు. ఏ ముక్కైనా సరిపోకపోతే సైట్‌లో సాగదీయకుండా లెవల్వాకి వెనక్కి పంపేవాళ్లు. ఊళ్లోనే కాబట్టి కుదిరింది. సముద్రం అవతల అయితే?

స్టాట్యూ ఆఫ్ లిబర్టీ విషయంలో అదే జరిగింది. లోపలి ఇనుప అస్థిపంజరం ఈఫిల్ కంపెనీది. లెక్కలు ఎక్కువగా చేసింది ఆయన ఇంజినీర్ మోరిస్ కష్లాఁ. విగ్రహాన్ని ముందు పారిస్‌లో నిలబెట్టి చూసి, విప్పి, 350 ముక్కలుగా 214 పెట్టెల్లో సర్ది 1885లో ఓడెక్కించారు. అక్కడ పీఠమే పూర్తికాలేదు, పెట్టెలు నెలల తరబడి అలాగే ఉండిపోయాయి. 1886లో విగ్రహం లేచింది. దాదాపు వందేళ్లకి రిపేర్ చేస్తుంటే తేలిందేంటంటే, తల సుమారు రెండడుగులు పక్కకి ఉంది! ఎందుకలా అయిందో ఇంజినీర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

అది విగ్రహం కాబట్టి సరే. స్విట్జర్లాండ్‌లో మ్యూన్‌హెన్‌స్టైన్ దగ్గర ఆయన కంపెనీ 1875లో కట్టిన రైల్వే బ్రిడ్జి 1891 జూన్ 14న రైలుతో సహా కూలిపోయింది. 70 మందికి పైగా చనిపోయారు. టవర్ కట్టిన రెండేళ్లకే! ఈఫిల్ గురించి రాసేవాళ్లు దీన్ని ఒక లైన్‌లో దాటేస్తారు, నాకది నచ్చదు. ఆ మరుసటి ఏడాదే స్విస్ ప్రభుత్వం ఇనుప బ్రిడ్జిల లెక్కలకి దేశం మొత్తానికి ఒకే రూల్స్ తెచ్చింది. ఎవరు ఎక్కడ తయారుచేసినా, నిలబడే చోటి రూల్స్‌కి లోబడాల్సిందే.

పనామా కాలువ లాక్ గేట్ల కాంట్రాక్ట్ కేసులో 1893లో ఆయనకి రెండేళ్ల జైలు శిక్ష పడింది, పై కోర్టు కొట్టేసింది. అదే ఏడాది కంపెనీ వదిలేశాడు. ఆ తర్వాత టవర్ మీంచి వస్తువులు జారవిడిచి గాలి నిరోధాన్ని కొలిచాడు, 1909లో టవర్ కిందే విండ్ టన్నెల్ కట్టాడు. 1923 డిసెంబర్‌లో 91 ఏళ్ల వయసులో పారిస్‌లో చనిపోయాడు. లెవల్వా-పెరేలోనే సమాధి చేశారు.