ఆలివర్ హెవీసైడ్

ఆలివర్ హెవీసైడ్ (మే 18, 1850 - ఫిబ్రవరి 3, 1925) ఇంగ్లండు దేశానికి చెందిన ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, గణితజ్ఞుడు, విద్యుత్ ఇంజనీరు. ఇంపిడెన్స్, ఇండక్టెన్స్, అడ్మిటెన్స్ అనే పదాలను విద్యుత్ శాస్త్రానికి అందించినది ఇతడే. తీగ వెంట పోయే సంకేతం చివరిదాకా చేరి వెనుకకు మరలకుండా ఉండాలంటే అక్కడ ఎంత నిరోధం ఉండాలో లెక్కగట్టి చూపాడు. నేడు హైదరాబాదులోని గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాలలో అధిక వేగంతో పనిచేసే సర్క్యూట్లను రూపొందించే ఇంజనీర్లకు నిత్యకృత్యమైన ఇంపిడెన్స్ మ్యాచింగ్‌కు మూలం ఆ లెక్కలోనే ఉన్నది.

బాల్యము, ఉద్యోగము

హెవీసైడ్ లండనులోని కామ్డెన్ టౌన్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి థామస్ చెక్కపై బొమ్మలు చెక్కి ముద్రణకు అచ్చుదిమ్మలు తయారుచేసేవాడు. చిన్నతనంలో సోకిన స్కార్లెట్ జ్వరం వలన ఇతనికి చెవుడు వచ్చింది. 16వ ఏట చదువు ఆగిపోయింది. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. తల్లి సోదరి భర్త అయిన చార్లెస్ వీట్‌స్టన్ టెలిగ్రాఫు రంగంలో పేరుపొందినవాడు కావడంతో ఇతని దృష్టి అటు మళ్ళింది. 1868లో డెన్మార్కులో టెలిగ్రాఫు ఆపరేటరుగా చేరి, తరువాత ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు మారాడు.

మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు మీటరు బ్రిడ్జి ప్రయోగం ద్వారా పరిచయమైన వీట్‌స్టన్ బ్రిడ్జిపై హెవీసైడ్ 1873లో ఒక వ్యాసం ప్రచురించాడు. చేతిలో ఉన్న బ్యాటరీకి, గాల్వనోమీటరుకు తగినట్లుగా బ్రిడ్జి భుజాల నిరోధాలను ఎలా ఎంచుకోవాలన్నది అందులోని విషయం. ఒక పరికరానికి మరొకటి ఎంతవరకు సరిపోతుందనే ప్రశ్న అప్పటికే ఇతనిని పట్టుకున్నదన్నమాట. మరుసటి సంవత్సరమే, 24 ఏళ్ళ వయసులో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ఆ తరువాత జీవితాంతం ఎక్కడా ఉద్యోగం చేయలేదు.

తీగలో తరంగం

సముద్రగర్భంలో వేసిన పొడవాటి టెలిగ్రాఫు కేబుళ్ళలో సంకేతాలు సాగిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. విలియం థామ్సన్ 1850ల నాటి సిద్ధాంతం తీగ నిరోధాన్ని, కెపాసిటెన్స్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకున్నది. హెవీసైడ్ 1876లో దానికి స్వయం ప్రేరణను చేర్చాడు. దీనితో సంకేతం వేడివలె మెల్లగా వ్యాపించేది కాక, నిర్ణీత వేగంతో నడిచే తరంగమని తేలింది. లీకేజీని కూడా కలుపుకొని ఏర్పడిన ఆ సమీకరణాలే నేటి టెలిగ్రాఫర్ సమీకరణాలు.

తరంగమైతే దానికి పరావర్తనం కూడా ఉంటుంది. ఒక తాడు కొసను గోడకు కట్టి రెండవ కొసను విదిలిస్తే అల గోడదాకా పోయి తిరిగి వస్తుంది. సన్నతాడుకు మోకు ముడివేసినా, ముడి దగ్గర అలలో కొంతభాగం వెనుదిరుగుతుంది. విద్యుత్ సంకేతం విషయమూ ఇంతే. నష్టం లేని తీగలో, మీటరుకు గల ఇండక్టెన్స్‌ను తరంగ వేగంతో గుణించగా వచ్చిన విలువకు సమానమైన నిరోధాన్ని తీగ చివర ఉంచితే తరంగం పూర్తిగా అందులో ఇంకిపోతుందని హెవీసైడ్ చూపాడు. ఆ విలువనే ఇప్పుడు తీగ లాక్షణిక ఇంపిడెన్స్ అంటారు. 50 ఓముల కేబులు చివర 75 ఓముల నిరోధం కలిపితే వోల్టేజిలో ఐదవ వంతు వెనుకకు వస్తుంది. 50 ఓములే కలిపితే ఏమీ రాదు.

ఇంపిడెన్స్ అనే మాటను ఇతడు 1886లో వాడాడు. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనిని అవరోధము అంటారు. దీనిని సంకీర్ణ సంఖ్యలతో 1893లో విస్తరించిన ఆర్థర్ కెన్నెలీ బొంబాయిలోని కొలాబాలో జన్మించినవాడు.

ఇంటి కరెంటుకు ఈ చింత లేదు, ఎందుకంటే 50 హెర్ట్జ్ తరంగం పొడవు వేల కిలోమీటర్లు. కానీ కంప్యూటరు బోర్డులపై సంకేతం నానోసెకనులో పదవ వంతు కాలంలో మారుతుంది. సాధారణ ఫైబర్‌గ్లాసు బోర్డుపై అది ఆ వ్యవధిలో నడిచే దూరం ఒకటిన్నర సెంటీమీటర్లే. కనుక నాలుగైదు సెంటీమీటర్ల రాగిగీత కూడా సముద్రపు కేబులు వంటిదే. తిరిగివచ్చిన తరంగం తరువాతి సంకేతంతో కలిసి సున్నాను ఒకటిగా చూపగలదు. అందుకే గీత వెడల్పును, బోర్డు పొర మందాన్ని సవరించి, సాధారణంగా ఒంటిగీతకు 50, జంటగీతలకు 100 ఓములు వచ్చేలా చేస్తారు.

ప్రీస్‌తో వివాదము

తీగకు తగినంత ఇండక్టెన్స్ చేర్చితే సంకేతం వికృతం కాకుండా పోతుందని హెవీసైడ్ 1887లో ప్రకటించాడు. నిరోధానికి ఇండక్టెన్స్‌కు గల నిష్పత్తి, లీకేజీ వాహకత్వానికి కెపాసిటెన్స్‌కు గల నిష్పత్తితో సమానం కావాలన్నది ఆ నియమం. బ్రిటిష్ పోస్టాఫీసులో ఉన్నతాధికారి అయిన విలియం ప్రీస్ మాత్రం ఇండక్టెన్స్ హానికరమని నమ్మేవాడు. పోస్టాఫీసులోనే పనిచేసే అన్న ఆర్థర్‌తో కలిసి హెవీసైడ్ రాసిన వ్యాసం ప్రీస్ అడ్డుపడటంతో వెలుగు చూడలేదు. ఇతని రచనలను అచ్చువేస్తున్న ఎలక్ట్రీషియన్ పత్రికకు అదే సంవత్సరం సంపాదకుడు మారాడు, వ్యాసాలు ఆగిపోయాయి. ప్రీస్‌కు అధికారం ఉంది కానీ గణితం లేదు. హెవీసైడ్‌కు గణితం ఉన్నా, దానిని ఇతరులకు అర్థమయ్యేలా చెప్పే ఓర్పు తక్కువ. 1889లో థామ్సన్ బహిరంగంగా ప్రశంసించిన తరువాతనే పరిస్థితి మారింది. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. అయితే తీగలో అక్కడక్కడ ఇండక్టెన్స్ చుట్టలు అమర్చే పద్ధతికి పేటెంటు, ధనం దక్కినది 1900లో అమెరికాలోని మైకేల్ పుపిన్‌కు.

చివరి రోజులు

1896 నుండి ఏటా 120 పౌండ్ల ప్రభుత్వ పింఛనుతో గడిపాడు. వివాహం చేసుకోలేదు. 1902లో, వాతావరణంపై విద్యుత్ వాహక పొర ఉండవచ్చునని కెన్నెలీ, హెవీసైడ్ వేర్వేరుగా సూచించారు. ఆ పొర ఉనికిని ఆపిల్టన్, బార్నెట్‌లు 1924 డిసెంబరులో ప్రయోగాలు మొదలుపెట్టి నిరూపించారు. అప్పటికి హెవీసైడ్ టార్కీ పట్టణంలో ఒంటరిగా ఉంటున్నాడు. 1922లో మొట్టమొదటి ఫారడే పతకం ఇతనికే ఇవ్వబడినది. 1925 ఫిబ్రవరి 3న మరణించాడు. సమీపంలోని పేన్టన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.