జిమి హెండ్రిక్స్: తగలబెట్టే ముందు పూలు గీసిన చెయ్యి

జగదల్‌పూర్ దసరాకు ఏటా కొత్త రథం కడతారు. అడవి నుంచి కలప వస్తుంది, ఊళ్ల నుంచి వడ్రంగులు వస్తారు, రోజుల తరబడి పని సాగుతుంది. ఓరుగల్లు నుంచి వెళ్లి బస్తర్‌ను ఏలిన కాకతీయ వంశీకుల కాలం నాటి ఆచారం అది. పాత రథాన్నే లాగేద్దామని అక్కడ ఎవరూ అనుకోరు. మన బతుకమ్మ అంతే, వినాయక చవితి మట్టి బొమ్మ అంతే. మర్నాడో మూడో నాడో నీళ్లలో కలిసిపోయే దానికి ఇంత అలంకారం ఎందుకని మనం ఎప్పుడూ అడగం. కానీ 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఒక నల్లజాతి యువకుడు వేదిక మీద తన గిటార్‌ను తగలబెడితే, ప్రపంచం దాన్ని విధ్వంసంగానే గుర్తుపెట్టుకుంది. ఆ గిటార్ మీద అంతకుముందు పూలు గీసింది కూడా అతనేనన్న సంగతి చాలామందికి పట్టలేదు.

జిమి హెండ్రిక్స్ 1942 నవంబర్ 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. తల్లి లూసిల్‌కు అప్పటికి పదిహేడేళ్లు. తండ్రి ఆల్ సైన్యంలో ఉన్నాడు. తల్లి పెట్టిన పేరు జానీ అలెన్. యుద్ధం నుంచి తిరిగొచ్చాక తండ్రి దాన్ని జేమ్స్ మార్షల్‌గా మార్చాడు. పేదరికం, తాగుడు, విడాకులు, బంధువుల ఇళ్లలో పెరగడం... ఆ బాల్యం గురించి ఇంతకన్నా వివరంగా చెప్పుకోనక్కర్లేదు. 1958లో తల్లి చనిపోయింది.

బడిలో చీపురుకట్టను గిటార్‌లా పట్టుకుని తిరిగేవాడు. తండ్రితో కలిసి ఒక ఇంట్లో చెత్త తీసే పనికి వెళ్లినప్పుడు ఒంటి తీగ ఉన్న ఉకులేలే దొరికింది. తర్వాత ఐదు డాలర్లకు పాత గిటార్ ఒకటి వచ్చింది. అతనిది ఎడమచేతి వాటం. తండ్రికి అది నచ్చేది కాదు, కుడిచేత్తో వాయించమని పోరేవాడు. ఎడమచేత్తో అన్నం తిన్నందుకు మొట్టికాయలు తిన్నవాళ్లకు ఈ గొడవ ఎలా ఉంటుందో తెలుసు. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి, తీగలు మార్చి కట్టుకుని వాయించడం హెండ్రిక్స్‌కు జీవితాంతం అలవాటైంది.

1959లో తండ్రి కొనిచ్చిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒక క్లబ్బులో వదిలేసి వస్తే ఎవరో ఎత్తుకుపోయారు. దాని స్థానంలో డేన్ఎలెక్ట్రో కంపెనీ చేసిన చవక గిటార్ వచ్చింది. హెండ్రిక్స్ రంగు డబ్బా ముట్టుకోవడం ఇక్కడే మొదలు. దానికి ఎర్ర రంగు పూసి, మీద తన స్నేహితురాలి పేరు బెట్టీ జీన్ అని రాసుకున్నాడు. మన దగ్గర ఆటో వెనుక కూతురి పేరు రాయించుకున్నట్టే అనుకోండి. దుకాణంలో వందల్లో ఒకటిగా ఉన్న వస్తువు ఆ పేరుతో అతని సొంతమైంది.

1961లో దొంగిలించిన కార్లలో తిరుగుతూ పట్టుబడ్డాడు. జైలా, సైన్యమా అన్న మాట వచ్చేసరికి సైన్యంలో చేరాడు. ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో పారాచూట్ దళం. కొన్నాళ్లకు తండ్రికి రాసి ఆ ఎర్ర గిటార్‌ను తెప్పించుకున్నాడు. అతని ధ్యాసంతా దాని మీదేనని పై అధికారులు ఫిర్యాదులు రాశారు. 1962లో సైన్యం వదిలించుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఇస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ లాంటి వాళ్ల వెనుక నిలబడి వాయించాడు. అందరిలా బట్టలు వేసుకుని, అందరితో అడుగు కలిపి, ముందున్న గాయకుడిని మించకుండా ఉండాల్సిన ఉద్యోగం అది. అతని వల్ల కాలేదు. 1966లో న్యూయార్క్‌లో అతన్ని విన్న చాస్ చాండ్లర్ సెప్టెంబర్‌లో లండన్ తీసుకెళ్లాడు. కొద్ది నెలల్లోనే అక్కడి పేరున్న గిటారిస్టులంతా అతన్ని వినడానికి క్లబ్బులకు రావడం మొదలైంది.

ఇప్పుడు గిటార్ రంగు గురించి కొంచెం చెప్పుకోవాలి. ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్‌ను విడుదల చేసినప్పుడు దాని మామూలు రంగు సన్‌బర్స్ట్. చెక్క మధ్యలో లేత పసుపు, అంచులకు పోయేకొద్దీ ముదురు గోధుమ, చివరికి నలుపు. 1958 నుంచి మధ్యలో ఎరుపు కూడా చేరింది. చూడటానికి తేలిక, వేయడం కష్టం. నున్నగా రుద్దిన చెక్కకు ముందు పసుపు ఎక్కించి, స్ప్రే గన్‌తో అంచుల వెంబడి ముదురు రంగును పలుచగా, మళ్లీ మళ్లీ కొట్టాలి. ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో కంటికి తెలియకూడదు. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. ఆపైన మెరుపు కోసం లక్కర్ పూతలు. పూర్వం మేలిరకం గిటార్లకు ఈ మెరుపు ఇచ్చింది లక్కే. బస్తర్ అడవుల్లో కుసుం, మోదుగ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్క లాంటిదే. ఫెండర్ కాలానికి కార్లకు వాడే రంగులు వచ్చేశాయి. అదనంగా డబ్బు కడితే కారు రంగుల పట్టికలోంచి కోరుకున్న రంగు వేసిచ్చేవారు. ఫియస్టా రెడ్ అనే ఎరుపు ఫోర్డ్ కారు నుంచి వచ్చిందే.

1967 మార్చి 31న లండన్‌లోని ఆస్టోరియా హాల్లో హెండ్రిక్స్ మొదటిసారి నిప్పంటించింది సన్‌బర్స్ట్ స్ట్రాటోకాస్టర్‌కే. ప్రదర్శనకు ముందు ఒక పాత్రికేయుడితో మాటల్లో పుట్టిన ఆలోచన అది. చేతులు కాలాయి. నాకైతే అది ప్రచారం కోసం చేసిన పని అనిపిస్తుంది. తగలబడింది దుకాణం నుంచి వచ్చిన రంగే. అప్పటి గిటార్ అని చెప్పే ఒక కాలిన గిటార్ 2008లో లండన్ వేలంలో 2,80,000 పౌండ్లు పలికింది.

తర్వాతి రెండు నెలల్లో వ్యవహారం మారింది. జూన్ 4న సావిల్ థియేటర్‌లో కచేరీ. బీటిల్స్ కొత్త ఆల్బమ్ సార్జెంట్ పెప్పర్ వచ్చి అప్పటికి కొద్ది రోజులే. ప్రేక్షకుల్లో పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ ఉండగా హెండ్రిక్స్ ఆ ఆల్బమ్ మొదటి పాటతోనే కచేరీ మొదలుపెట్టాడు. అమెరికా వెళ్లేముందు అది అతని వీడ్కోలు సభ. చివర్లో తానే రంగులు వేసిన ఒక గిటార్ తీసుకుని విరగ్గొట్టాడు. దాని వెనుక వైపున లండన్ నగరానికి వీడ్కోలుగా తను రాసుకున్న కవిత ఉంది. ఎవరికీ కనబడని వైపు రాశాడు, చదివే అవకాశం ఇవ్వకుండా పగలగొట్టాడు. ప్రచారం కోసమే అయితే ముందు వైపు రాసేవాడు కదా.

రెండు వారాలకు మాంటెరీ. పొట్ట చేతపట్టుకుని వదిలివెళ్లిన దేశానికి తొమ్మిది నెలల తర్వాత తిరిగొచ్చాడు. ఎర్ర స్ట్రాటోకాస్టర్ ఒకటి తీసుకుని, కొంత భాగానికి తెల్ల రంగు పూసి, మీద పూలూ తీగలూ గీశాడు. స్ప్రే గన్ లేదు, కొలత లేదు, నేర్పరి పని అసలే కాదు. సన్‌బర్స్ట్ వేసేవాడి గొప్పతనం తన చెయ్యి కనబడకుండా చేయడంలో ఉంటే, ఇక్కడ కనబడేది చెయ్యి ఒక్కటే. కచేరీ చాలా భాగం నల్ల గిటార్‌తో వాయించాడు. చివరి పాట దగ్గర మాత్రమే పూల గిటార్ అందుకున్నాడు. అంటే దాన్ని దేనికి సిద్ధం చేశాడో అతనికి ముందే తెలుసు. లైటర్‌లో పోసే ద్రవం చల్లి, అగ్గిపుల్ల వెలిగించి, మోకాళ్ల మీద కూర్చుని మంటను చేతులతో పైకి పిలిచాడు. ముందు వరసలో ఒక పదిహేడేళ్ల కుర్రాడు తీసిన ఫొటో రాక్ సంగీతంలోనే అత్యంత ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటైంది. మంటల వెలుగు, కళ్లు మూసుకున్న ముఖం. పూలను ఎవరు చూస్తారు?

అదే ఏడాది గిబ్సన్ ఫ్లయింగ్ వీ గిటార్ ఒకటి కొని, గోళ్ల రంగులతో దాని నిండా ముగ్గుల్లాంటి చుట్లు గీశాడు. దీన్ని మాత్రం కాల్చలేదు, విరగ్గొట్టలేదు. చాలాకాలం వాయించి ఒక సంగీతకారుడికి ఇచ్చేశాడు.

కీర్తి పెరిగేకొద్దీ ఈ అలవాటు తగ్గింది. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో అమెరికా జాతీయ గీతాన్ని బాంబుల మోతలా వాయించిన గిటార్ ఉత్త తెల్లటిది, మీద ఒక్క గీత లేదు. అప్పటికి ప్రేక్షకులు అతని దగ్గర సంగీతం కన్నా మంటలనే ఎక్కువ అడుగుతున్నారు, అది అతన్ని విసిగించింది. న్యూయార్క్‌లో సొంత స్టూడియో ఎలక్ట్రిక్ లేడీ 1970 ఆగస్టులో మొదలైంది. సెప్టెంబర్ 18న నిద్రమాత్రలు ఎక్కువై లండన్‌లో చనిపోయాడు. వయసు 27. వీలునామా లేదు. ఆస్తి, హక్కుల మీద కోర్టు తగాదాలు దశాబ్దాలు నడిచాయి.

అతని తర్వాతి తరంలో ఎడీ వాన్ హేలెన్ తన గిటార్‌కు టేపు ముక్కలు అడ్డదిడ్డంగా అంటించి, మీద రంగు కొట్టి, టేపు పీకి, ఆ చారలనే తన గుర్తుగా చేసుకున్నాడు. ఇవాళ ఆ చారల గిటార్లు ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. మాంటెరీ పూల గిటార్‌కు కూడా ఫెండర్ కంపెనీ నకళ్లు చేసి అమ్మింది. ఫ్యాక్టరీ రంగును కప్పెట్టడానికి గీసిన పూలు చివరికి ఫ్యాక్టరీ రంగైపోయాయి.

వుడ్‌స్టాక్ తెల్ల గిటార్ సియాటిల్ మ్యూజియంలో ఉంది. ఆ ఊరి పక్కనే రెంటన్‌లో అతని సమాధి. మొదటి సమాధి రాతి మీద ఒక స్ట్రాటోకాస్టర్ చెక్కారు. దాన్ని కుడిచేతివాళ్లు పట్టుకునే తీరులో చెక్కారు.